చిప్పల వరస

సమోవా తీరాన ఫాగాసీనాలో రాకాసి అల వచ్చిపోయిన నాటి నుంచి ఏది పంచినా ఒకే వరసలో పంచుతారు. డబ్బా చేపలు వచ్చినా, ఇంటిమీదికి రేకులు వచ్చినా, వలలో పెద్ద చేప పడినా, మొదటి వాటా ఫిలోయి ఇంటికి పోతుంది. ఆ ఇంట్లో పోయినంతమంది ఊళ్లో మరే ఇంట్లోనూ పోలేదు. భర్త పోయాడు, కోడలు పోయింది, మనవలు పోయారు. ఆమె తరువాత ఇద్దరేసి పోయిన ఇళ్లు. వాటి తరువాత ఒక్కరు పోయిన ఇళ్లు. ఆపైన ఇల్లు మాత్రమే పోయినవాళ్లు. చిట్టచివర, ఏమీ పోనివాళ్లు. ఈ వరస ఎవరూ కూర్చుని పెట్టింది కాదు. ఆవా వేళ్ల రసం కలిపిన గిన్నె చుట్టూ పెద్దలు కూర్చున్నప్పుడు ముందు కొబ్బరి చిప్ప ఎవరికో, తరువాతి చిప్ప ఎవరికో ఒకరు చెబితే తెలుసుకునేది కాదు. ఇదీ అంతే.

లీతియా ఇల్లు చిట్టచివరి వాటిలో ఒకటి. అది మొదటి నుంచీ కొండవాలు మీదే ఉంది. నీళ్లు అరటితోట దాకా వచ్చి, అక్కడ చెత్త వదిలేసి, వెనక్కి పోయాయి. ఆమె తమ్ముడు తోవియా ఆ ఉదయం పగడపు దిబ్బకు అవతల, లోతు నీళ్లలో గాలం వేసుకుని ఉన్నాడు. అల అతని పడవ కిందుగానే పోయింది. పోతున్నట్టు అతనికి తెలియను కూడా తెలియలేదు.

ఏమీ పోనివాడు అంటే ఊళ్లో ఎవరైనా ముందు తోవియా పేరే చెబుతారు. అదృష్టవంతుడని వాళ్ల ఉద్దేశం.

ఆ అదృష్టవంతుడు రెండేళ్లుగా ఏ ఇంట్లోనూ అడుగుపెట్టలేదు. ఇంట్లోకి రావాలంటే గుమ్మం రాళ్ల దగ్గర చెప్పులు విడవాలి. తోవియా చెప్పులు విడవడు. కొండదారి మలుపులో బస్సు ఆగేచోట ఒక సిమెంటు అరుగు ఉంది. పగలు సముద్రం వైపు చూస్తూ దాని మీదే కూర్చుంటాడు, రాత్రి దాని మీదే పడుకుంటాడు. అప్పుడు కూడా చెప్పులు కాళ్లకే ఉంటాయి, ఏ క్షణాన లేచి కొండెక్కాలో అన్నట్టు. ఆదివారం చర్చిలో పాట వినపడేంత దూరంలో గోడమీద కూర్చుంటాడు. పడవ బోర్లించిన చోటే ఉంది, దాని మీద తీగ పాకింది.

"ఏరా, చెప్పులతో పెళ్లయిందా? విడిస్తే విడాకులా?" అని బస్సులో పోయేవాళ్లు అరుస్తారు. తోవియా చెయ్యెత్తి నవ్వుతాడు. బస్సు పోయాక నవ్వు పోతుంది.

లీతియా రోజూ రెండు పూటలా చేమదుంపలో, సీమపనస ముక్కలో ఆకులో చుట్టి ఆ అరుగుమీద పెట్టి వస్తుంది. "తిను తమ్ముడూ" అంటుంది. "సరే అక్కా" అంటాడు. అంతకుమించి మాట ఉండదు. ఆ ఊళ్లో అక్క తమ్ముణ్ణి అడగకూడనివి కొన్ని ఉన్నాయి. పడక సంగతి అడగకూడదు, ఒంటి సంగతి అడగకూడదు. తమ్ముడు అక్క ఎదుట తన భయం విప్పకూడదు. అలా విప్పితే తమ్ముడికే కాదు, అక్కకూ తలవంపు. అందుకని ఆమె రెండేళ్లుగా చేమదుంప పెట్టి వస్తోంది.

అలాంటప్పుడే సెమీసీ అనే డాక్టరు ఊళ్లోకి వచ్చాడు.

పక్క దీవుల టోంగా మనిషి. భారీ మనిషే గాని మాట నెమ్మది. బస్సు దిగి మహిళా సంఘం ఇంటి ముందు నిలబడగానే ఫీనా అందుకుంది. ఫీనాకు అలలో పందులూ కుట్టుమిషనూ పోయాయి, నోరు మాత్రం పోలేదు.

"టోంగా బాబా? మీ వాళ్లని మా తాతలు ఒకసారి పడవలెక్కించి పంపేశారు కదా. మళ్లీ వచ్చావేం?"

"తెడ్డు మర్చిపోయి వెళ్లామటమ్మా. తీసుకుపోదామని వచ్చాను" అన్నాడు సెమీసీ.

ఆడవాళ్లు చాపల మీద పడీ పడీ నవ్వారు. ఆపైన అతనికి కోకో ఇచ్చారు. మనిషి కుదిరాడన్న మాట.

అతని పని ఇది. అలగానీ, తుపానుగానీ, తుపాకులుగానీ వచ్చిపోయాక మనిషి లోపల మిగిలిపోయే దడుపు ఒకటి ఉంటుంది. అది ఏ ఊళ్లో ఎంత ఉందో కొలుస్తాడు. కొలిచాక, ఎక్కువ ఉన్న ఊరికి ముందు నర్సు వస్తుంది. ఆ దడుపుకు మందూ మాటా రెండూ తెలిసిన నర్సు. ఆ తీరం మొత్తానికి ఆమె ఒక్కతే. ఊళ్లు మాత్రం చాలా ఉన్నాయి.

ప్రశ్నలు చదివిపెట్టడానికి ఊరి మనిషి ఒకరు కావాలన్నాడు. అతని సమోవా భాష టోంగా యాసలో ఉంటుంది, ముసలివాళ్లకు అందదు. లీతియా చెయ్యెత్తింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో చీటీలు రాసిన మనిషి, చదవడం వచ్చు. అయితే ఆమె చెయ్యెత్తింది చదువు వచ్చని కాదు. ఆ నర్సు ఫాగాసీనాకు రావాలి. వస్తే బస్సు ఆ మలుపులోనే ఆగుతుంది.

సెమీసీ ఆమెకు ఒక అట్ట చూపించాడు. మూరెడు పొడవుంది. దానిమీద వరసగా ఐదు కొబ్బరి చిప్పల బొమ్మలు. ఎడమ చివరిది ఖాళీ. తరువాతిదానిలో అడుగున కాస్త. ఆ పక్కది సగం. దాని పక్కది ఇంకొంచెం. కుడి చివరిది పొర్లిపోయేంత నిండు.

"ప్రశ్న చదువు అక్కా. వాళ్లు తమకు ఎంత ఉందో అంత నిండిన చిప్ప మీద వేలు పెడతారు. నేను రాసుకుంటాను. అంతే. కానీ ఒక్క మాట కూడా మార్చకూడదు. విడమరచకూడదు. అర్థం కాలేదంటే అదే మళ్లీ చదువు."

"అర్థం కానిది రెండోసారి చదివితే అర్థమవుతుందా?"

"అవ్వకపోవచ్చు. కానీ ఇవే ప్రశ్నలు, ఇవే చిప్పలు తొమ్మిది దీవుల్లో చూపించాను. నువ్వు చాపలు అల్లుతావు కదా. నువ్వు మూరతో కొలిచి, ఇంకొకావిడ జానతో కొలిస్తే ఎవరి చాప పెద్దదో ఎవరు చెప్పాలి?"

"అందరి మూరా ఒకటి కాదుగా?"

"అందుకే ఎవరి చెయ్యీ వద్దు. ఒకటే కర్ర" అన్నాడు సెమీసీ అట్ట ఊపుతూ. "ఒక దీవిలో అడిగినవాణ్ణి నొప్పించకూడదని అన్నిటికీ నిండు చిప్పే చూపించారు. ఇంకో చోట కల ఇంటి బయట చెబితే దోషమని నోరే విప్పలేదు. ఆ సంగతి కూడా రాసుకున్నాను. కానీ కర్ర మాత్రం మార్చలేదు."

లీతియా తల ఊపింది. ఆ మాట ఆమెకు న్యాయంగానే తోచింది.

మర్నాడు పొద్దున అతన్ని వెంటబెట్టుకుని బయలుదేరింది. ఎవరింటికి ముందు వెళ్లాలన్న ఆలోచన ఆమెకు రాలేదు. కాళ్లే ఫిలోయి ఇంటికి తీసుకుపోయాయి.

ఫిలోయి ఇప్పుడుంటున్నది కొండవాలు మీద, మలుపుకు కాస్త దిగువన కట్టిన కొత్త ఇల్లు. అన్ని ఇళ్లలాగే చుట్టూ స్తంభాలు, గోడలు లేవు, ఆకుతెరలు. సముద్రం వైపు తెర మాత్రం ఎప్పుడూ దించే ఉంటుంది. ఎండ కొడుతోందని చెబుతుంది, ఎండ లేనప్పుడు కూడా. ఇంటి ముందు సమాధులు ఉన్నాయి. వాటిలో చిన్నవి రంగు వేసి ఉన్నాయి. ఆమె చాప ముందు కూర్చుని మొగలాకు చీలుస్తోంది. ఊరి పెద్ద భార్యగా బతికిన మనిషి, వీపు ఇప్పటికీ నిటారుగా ఉంటుంది.

లీతియా చదివింది. "గడిచిన నెలలో, ఆ సంఘటనకు సంబంధించిన పీడకలలు మిమ్మల్ని ఎంతగా బాధపెట్టాయి?"

ఫిలోయి అట్ట వైపు చూసింది. వేలు ఎడమ చివర పెట్టింది.

"ఆ సంఘటనను గుర్తుచేసే చోట్లకు వెళ్లకుండా మీరు ఎంతగా తప్పించుకున్నారు?"

ఎడమ చివర.

ఉలికిపాటు, నిద్ర, కోపం, మనుషులతో మాట. ఏది అడిగినా వేలు అక్కడి నుంచి కదలలేదు. చివరికి లీతియా చదవడం పూర్తికాకముందే వేలు ఖాళీ చిప్ప మీద ఉంటోంది.

"అయిపోయిందా అబ్బాయ్? అరటిపండు తిని వెళ్లు" అంది ఫిలోయి.

ఇంటి నుంచి ఇంటికి మాట నడవడానికి ఆ ఊళ్లో గోడలు అడ్డం లేవు. వీళ్లు రెండో ఇంటికి చేరేసరికి అక్కడి ముసలాయన అట్ట చూడగానే ఎడమ చివర వేలు పెట్టి, అడగడం మొదలుపెట్టమన్నాడు. మూడో ఇంట్లో కాస్త తడబడ్డారు, "ఫిలోయి పెద్దమ్మ ఏది చూపించిందన్నావ్?" అని పక్కవాళ్లను కళ్లతోనే అడిగారు. ఆ తరువాత తడబాటు కూడా లేదు. ఫీనా అయితే, "ఖాళీ, ఖాళీ, అన్నీ ఖాళీ, రాసుకో బాబూ. నాకు పొయ్యి మీద కూర ఉంది" అంది.

తోవియా వంతు చివర వచ్చింది. అక్కడ లీతియా చదవడానికి వీల్లేదు. అక్క అడగకూడదు గనక సెమీసీయే వెళ్లి అరుగుమీద అతని పక్కన కూర్చున్నాడు. లీతియా దిగువన, మాట వినపడనంత దూరంలో నిలబడింది. మాట వినపడకపోయినా వేలు కనపడుతోంది. అట్ట పొడవైనది.

తోవియా సముద్రాన్నే చూస్తున్నాడు. సెమీసీ పెదవులు కదిలినప్పుడల్లా ఒకసారి అట్ట వైపు చూసేవాడు. మొదటిసారి అతని వేలు మధ్యదాకా పోయింది. అక్కడ ఆగింది. ఆగి, వెనక్కి వచ్చి, ఎడమ చివర వాలింది. ఆపైన అక్కడే ఉంది.

లీతియా తల తిప్పుకుని అరటితోట వైపు చూసింది.

సాయంత్రం సంఘం ఇంట్లో సెమీసీ కాగితాలు పేర్చుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరువాత మెల్లగా అన్నాడు, "అక్కా, ఏమీ అనుకోకు. నువ్వు రాసింది రాసినట్టే చదివావా?"

"మీ పక్కనే కూర్చుని చదివాను కదా డాక్టరుగారూ."

"చదివావు. నేనూ విన్నాను. అయినా అడగాల్సి వచ్చింది. ఊరంతా ఖాళీ చిప్పలే. అల మొహం చూడని ఊళ్లలో కూడా నాకిన్ని ఖాళీ చిప్పలు రాలేదు. ఎవరికైనా పెళ్లాంతో గొడవపడి నిద్ర పట్టకపోయినా ఒక చిప్పలో చుక్క ఉంటుంది. ఈ లెక్క పంపితే ఏమంటారో తెలుసా? ఈ తీరం మొత్తం మీద కులాసాగా ఉన్న ఊరు ఫాగాసీనా అంటారు. నర్సు అటునుంచి అటే పోతుంది."

అట్ట చాపమీద ఉంది. దాని పక్కన, మధ్యాహ్నం పెద్దలు ఆవా తాగి కడిగి బోర్లించిన అసలు చిప్ప ఉంది. లీతియా ఒకసారి అట్టను చూసింది, ఒకసారి చిప్పను చూసింది.

ఆవా పోసేటప్పుడు పై వరసలోని మనిషి గుక్కెడు తాగి చిప్ప దించేస్తే, కింది వరసలోని మనిషి నిండా తాగడు. తాగితే ఎవరూ కొట్టరు, తిట్టరు. కానీ అది గొంతు దిగదు.

"తప్పు నాదే" అంది.

"ఏం తప్పు?"

"ముందు పెద్దమ్మ ఇంటికి తీసుకెళ్లాను. ఆ ఇంటికంటే ఎక్కువ పోయిన ఇల్లు లేదు. ఆవిడే ఖాళీ అంది. ఆవిడ ఖాళీ అన్నాక ఇంకెవరు చుక్క ఉందంటారు? ఉందంటే ఆవిడ దుఃఖం కంటే నా దుఃఖం పెద్దదని చాటుకున్నట్టు కాదూ?"

సెమీసీ కాసేపు గడ్డం రుద్దుకున్నాడు. "మా వైపు మగాళ్లు తెల్లార్లూ ఆవా తాగుతూనే ఉంటారు. ఎవరు ఎన్ని తాగారో ఎవరూ చూడరు. అందుకే నాకు తట్టలేదు" అని, మళ్లీ అన్నాడు, "బొమ్మ మార్చలేను అక్కా. ప్రశ్న మార్చలేను. మారిస్తే మీ ఊరిని ఇంకే ఊరి పక్కనా పెట్టి చూడలేను. కానీ ఎవరింటికి ముందు వెళ్లాలన్నది ఎక్కడా రాసిలేదు. ఇవన్నీ కొట్టేస్తాను, ఎందుకు కొట్టేశానో రాస్తాను. సోమవారం నా బస్సు. రేపు మళ్లీ అడుగుదాం. ఈసారి కింది నుంచి."

శనివారం పొద్దున్నే కింది నుంచి, అంటే మనుషులెవరూ పోని ఫీనా ఇంటి నుంచి మొదలుపెట్టారు. ఫీనా చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి పొట్లాలు కడుతోంది.

"మళ్లీనా? నిన్న చెప్పింది పోగొట్టుకున్నావా బాబూ? నీ తెడ్డులాగే?"

"ఇంకోసారి అడగాలి వదినా" అంది లీతియా. "పెద్దమ్మ సంగతి మర్చిపో. నీ మట్టుకు నువ్వు చెప్పు."

"ఎట్లా మర్చిపోమంటావే? ఊరంతటికీ తెలుసు. ఆవిడ ఖాళీ చిప్ప చూపించాక నేను నిండు చిప్ప చూపించనా? నాకు పోయినవేంటి, పందులు! పందుల కోసం నిద్రపట్టట్లేదని చెప్పి రేపు చర్చిలో ఏ మొహం పెట్టుకుని కూర్చోను? మొన్న లారీ చప్పుడుకి కోకో గిన్నె కాళ్లమీద వదిలేశాను, అది వేరే సంగతి" అని కాలు చాపి చూపించింది. పాదం మీద పొక్కి చర్మం లేచిపోయి ఉంది. "ఖాళీ అని రాసుకో."

బయటికి వచ్చాక సెమీసీ అట్ట చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. లీతియా అతన్ని అక్కడే ఉండమని చెప్పి ఒక్కతే కొండవాలు ఎక్కింది. పైన మలుపులో అరుగుమీద తమ్ముడు ఉన్నాడు. ఆమె చేతిలో ఆకుపొట్లం లేకపోవడం చూసి అతను ఏదో అడగబోయి మానేశాడు.

ఫిలోయి నిన్నటి చాప ముందే ఉంది. లీతియా గుమ్మం రాళ్ల దగ్గర చెప్పులు విడిచి, లోపలికి వచ్చి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. చెప్పాల్సిన మాట చెప్పడానికి ఆమెకు దారి దొరకలేదు. పెద్దదాన్ని పట్టుకుని నీ మాట అబద్ధమని ఎట్లా అంటారు? మొగలాకు ఒకటి తీసుకుని చీల్చడం మొదలుపెట్టింది. ఇద్దరూ కాసేపు ఆకు చీల్చారు.

"నిన్న అందరూ నేను పెట్టినచోటే వేలు పెట్టారట" అంది ఫిలోయి.

"అవును పెద్దమ్మా."

"వెధవలు."

"మీరు పెట్టాక వాళ్లు ఇంకోచోట ఎట్లా పెడతారు?"

ఫిలోయి ఆకు కింద పెట్టింది. "నేనెందుకు పెట్టానో తెలుసా? రెండేళ్లుగా ఈ ఊళ్లో పడ్డ ప్రతి చేప తలా నా ముందుకే వస్తోంది. దాని కళ్లు నన్ను చూస్తాయి, దాని కళ్లు నేను చూస్తాను. తినకపోతే తెచ్చినవాడు నొచ్చుకుంటాడు. ఖాళీ చిప్ప చూపిస్తే పెద్దమ్మ తేరుకుందిలే అని ఇకనైనా నన్ను వదిలేస్తారనుకున్నాను. వాళ్ల చేప వాళ్లు తింటారనుకున్నాను."

లీతియా తల వంచుకుంది.

"ఆ కలల ప్రశ్న మళ్లీ చదువు."

కాగితం దగ్గర లేదు. అయినా లీతియాకు అది కంఠతా వచ్చేసింది. ఒక్క మాట మార్చకుండా చెప్పింది. "గడిచిన నెలలో, ఆ సంఘటనకు సంబంధించిన పీడకలలు మిమ్మల్ని ఎంతగా బాధపెట్టాయి?"

"పీడ అంటారేం? పిల్లలొస్తారు. ఆ స్తంభం దగ్గర నిలబడతారు. తలలు తడిసి ఉంటాయి. తల తుడువు నానమ్మా అంటారు. తుడుస్తాను. ఎంత తుడిచినా ఆరవు. తెల్లారేసరికి నా చేతులు రెండూ లాగేస్తుంటాయి." ఆమె చేతులు చాపి, తిప్పి చూసుకుంది. "పిల్లలు రావడం పీడ ఎట్లా అవుతుంది? రాకపోతే పీడ. దీనికి ఏ చిప్ప చూపించాలి చెప్పు."

"విడమరచి చెప్పకూడదని డాక్టరు అన్నారు పెద్దమ్మా."

"మంచిదే. నీకూ తెలీదు గనక" అని ఫిలోయి నవ్వింది. అది నవ్వో కాదో లీతియాకు పోల్చుకోవడం రాలేదు. "బాధ అన్నాడుగా. చేతులు నొప్పి పుడతాయి. అది బాధే."

ఆకు మళ్లీ చేతికి తీసుకుని అంది, "ఈ నర్సు ఎవరికోసం? నాకోసమైతే కాదు. నువ్వు ఇంత పొద్దున ఆకు చీల్చడానికి రాలేదు."

తమ్ముడి పేరు లీతియా నోట రాకూడదు, ఈ సంగతిలో.

"నువ్వు చెప్పకు. నాకు కళ్లున్నాయి. నేను దారిన పోతుంటే వాడు అరుగు దిగి తుప్పల్లోకి పోతాడు. నన్ను చూసి ఎవరైనా అట్లా పోతారా, నేనేమన్నా దెయ్యాన్నా? దిబ్బ లోపలి నీళ్లలోంచి నా పిల్లల్ని తెచ్చింది వాడు. ఒంటి మీది లుంగీ విప్పి అందులో చుట్టి తెచ్చాడు. ఒడ్డుకు వచ్చి నా ముందు పెట్టి, ఏమన్నాడో తెలుసా? నాకు తెలీలేదు పెద్దమ్మా అన్నాడు. అల కిందనుంచి పోతుంటే నాకు తెలీలేదు అన్నాడు. తెలిస్తే ఏం చేసేవాడు, అడ్డం పడేవాడా?" ఫిలోయి లేచి మూలనున్న పెట్టె తెరిచింది. మడిచిన లుంగీ తీసి చాపమీద పెట్టింది. "ఉతికి పెట్టాను. ఇద్దామంటే దొరకడు. ఊరి లెక్కలో వాడు ఏమీ పోనివాడు కదా. చివరి చిప్ప వాడిది. వాడి దగ్గరికొచ్చేసరికి గిన్నెలో ఏముంటుంది?"

ఆమె లుంగీ మడత అరచేత్తో సరిచేసింది. "పోయి ఆ టోంగా అబ్బాయిని తీసుకురా" అంది.

సెమీసీ వచ్చేసరికి ఫిలోయి ఇంటి తెరలన్నీ పైకి చుట్టి ఉన్నాయి. సముద్రం వైపుది కూడా. నీళ్లు తెల్లగా మెరుస్తున్నాయి, దిబ్బ మీద నురగ విరుగుతోంది. ఆమె అటు చూడకుండా కూర్చుంది. శనివారం గనక మగాళ్లు ఆదివారపు పొయ్యికి రాళ్లూ కట్టెలూ మోసుకొస్తున్నారు, ఆడవాళ్లు కొబ్బరి కోరుతున్నారు. ఆ తెర లేచి ఉండటం చూసి ఎక్కడివాళ్లు అక్కడ ఆగిపోయారు.

"అమ్మా, ఒంటరిగా అడగాలి. ఇది మా నియమం" అన్నాడు సెమీసీ.

"ఇంట్లో నువ్వూ నేనూ ఇదీ తప్ప ఎవరున్నారు?"

"తెరలు దించితే..."

"మా మాట ఎవరికైనా వినపడుతుందా అక్కడికి?"

సెమీసీ అటూ ఇటూ చూశాడు. "వినపడదు."

"చూడకూడదని కూడా ఉందా నీ నియమంలో?"

అతను చేతిలోని కాగితం తిప్పి చూశాడు. "అడిగేది మిమ్మల్ని. దాచుకోవడం మీ హక్కు. దాచుకోనంటే నేను దాచలేను" అన్నాడు చివరికి. అట్ట ఆమె ముందు పరిచాడు.

లీతియా చదివింది. నిన్నటి మాటలే, నిన్నటి గొంతుతోనే.

ఫిలోయి వేలు ఎడమ చివర నుంచి బయలుదేరింది. ఖాళీ చిప్ప దాటింది, అడుగున చుక్క ఉన్నది దాటింది, సగం దాటింది. కుడి చివరకు పోయి ఆగింది. ఆమె వేలు చప్పున తియ్యలేదు. ఊరు చూసేదాకా అక్కడే ఉంచింది.

తప్పించుకునే చోట్ల ప్రశ్న వచ్చినప్పుడు ఆమె సముద్రం వైపు ఒక్కసారి తల తిప్పి చూసి, మళ్లీ కుడి చివరే వేలు పెట్టింది. కోపం అన్నప్పుడు సగం. మనుషులతో మాట అన్నప్పుడు అడుగున కాస్త. ఆమె ఆలోచించి పెడుతోందని దూరం నుంచి కూడా తెలుస్తోంది. కొబ్బరి కోరే చప్పుడు ఎక్కడా లేదు.

ప్రశ్నలు అయిపోయాయి. సెమీసీ కాగితం మడిచి లేవబోయాడు. ఫిలోయి కూర్చోమన్నట్టు చెయ్యి చూపింది. తరువాత, ఆవా పోసేటప్పుడు చిప్ప ఎవరిదో పిలిచే మనిషి పిలిచినట్టు, గొంతు సాగదీసి పిలిచింది.

"ఇది తోవియా చిప్ప!"

ఆడది అట్లా పిలవడం ఆ ఊళ్లో ఎవరూ వినలేదు. ఇద్దరు పోయిన ఇంటి ముసలాయన కట్టెల మోపు దింపి నోరు తెరిచాడు. రెండో చిప్ప న్యాయంగా ఆయనది. తెరిచిన నోరు మూసుకుని, మోపు మీద కూర్చున్నాడు.

మలుపులో అరుగుమీద తోవియా లేచి నిలబడ్డాడు. తుప్పల వైపు చూశాడు. ఫిలోయి ఇంకోసారి పిలవలేదు. పిలిచిన చిప్పను రెండోసారి పిలవరు, దానికోసం రావాలి. అతను తుప్పల్లోకి పోలేదు. దారి వెంట మెల్లగా, నేల చూసుకుంటూ దిగివచ్చాడు. గుమ్మం రాళ్ల దగ్గరకు వచ్చి ఆగిపోయాడు. అక్కడి నుంచి ఇక కాలు లేవలేదు. లోపల, అతను కూర్చోవాల్సిన చోట, మడిచిన లుంగీ ఉంది.

ఫిలోయి కూర్చున్నచోటే పక్కకు జరిగి తిరిగింది. ఇప్పుడు ఆమె మొహం సముద్రానికి ఎదురుగా ఉంది.

"చెప్పులు అక్కడ పెట్టు నాయనా" అంది. "నీళ్లను నేను చూస్తుంటాలే."

లీతియా లేచింది. తమ్ముణ్ణి అడిగేచోట అక్క ఉండకూడదు. వెనక వైపు నుంచి దిగి, పొయ్యి దగ్గరకు పోయి, అక్కడ సగం కోరి వదిలేసిన కొబ్బరి చిప్ప ఒకటి చేతికి తీసుకుంది. ఫీనా ఆమె పక్కకు వచ్చి కూర్చుంది. కాలిన పాదం చూసుకుంటూ, "ఆ లారీ సంగతి... ఇప్పుడు అడుగుతాడంటావా నన్ను?" అంది. అంత నెమ్మదిగా ఫీనా మాట్లాడగా లీతియా ఎప్పుడూ వినలేదు.

"అందర్నీ అడుగుతాడు."

ఇంట్లోంచి సెమీసీ గొంతు సన్నగా వినపడింది, టోంగా యాసలో. మాటలు తెలియడం లేదు గాని, ఏ ప్రశ్నో ఆ సాగదీతను బట్టి లీతియాకు తెలుసు. జవాబుకు మాట అక్కర్లేదు గనక వినడానికి ఏమీ లేదు. ఆమె అటు చూడలేదు. కొబ్బరి కోరుతూ ఉంది.

చిప్ప ఖాళీ అయ్యాక, ఇంకొకటి తీసుకోవడానికి లేచినప్పుడు, గుమ్మం రాళ్లు కంటపడ్డాయి. రాళ్ల మీద చెప్పులు ఉన్నాయి. పట్టీలు అరిగి, మడమల చోట చిల్లులు పడిన చెప్పులు. వాటి ముక్కులు కొండ వైపు తిరిగి ఉన్నాయి.